వెయ్యి ప్రతుల చరిత్ర పుస్తకానికి కాగితం, ఇంకు ఎంపిక: సలహాలు కోరుతున్నాను

ఊరిచరిత్ర సంపాదకుడు

అందరికీ నమస్కారం. మా పట్టణ చరిత్రను కొందరం కలిసి రాసి పుస్తకంగా తెస్తున్నాము. డెమ్మీ 1/8 సైజు (సుమారు 5.5×8.5 అంగుళాలు), 256 పేజీల పాఠ్యం, వెయ్యి ప్రతులు. దీనికి తోడు 1930ల నుంచి 1970ల దాకా తీసిన నలభై ఛాయాచిత్రాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నలుపు తెలుపువి, కొన్ని కాలక్రమంలో గోధుమ రంగుకు తిరిగాయి.

ఒక ముద్రణాలయం వారు అంతా 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 70 గ్రాములు) తెల్ల మ్యాప్‌లిథో, అంటే పూతలేని మామూలు పుస్తకాల కాగితం మీద నలుపులో వేద్దామని లెక్క ఇచ్చారు. మరొకరు పుస్తకమంతా ఆర్ట్ పేపర్ మీద నాలుగు రంగుల్లో వేస్తేనే ఫోటోలకు న్యాయం జరుగుతుందని అంటున్నారు, కానీ దాని ఖర్చు మా శక్తికి మించినది. చదివేవారిలో పెద్దవయసు వారే ఎక్కువ. పుస్తకం గ్రంథాలయాల్లో దశాబ్దాలపాటు నిలవాలని మా కోరిక. ఈ రెండు అవసరాలనూ తీర్చే కాగితం ఏది, ఇంకు విషయంలో మేము ముందుగా అడిగి తెలుసుకోవలసినవి ఏమిటి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

ఆఫ్‌సెట్ ఫోర్‌మన్

సంపాదకుడు గారూ, మీకు వచ్చిన రెండు లెక్కలూ పుస్తకమంతటికీ ఒకే కాగితం అనుకుని వేసినవి. చిక్కు అక్కడే ఉంది. పాఠ్యానికి వెలుతురును మెరుపు లేకుండా చెదరగొట్టే పూతలేని కాగితం కావాలి, ఛాయాచిత్రానికి ఇంకును లోపలికి పీల్చకుండా పైనే నిలిపే పూత కాగితం కావాలి. కనుక పాఠ్యాన్ని కొద్దిగా గోధుమ ఛాయ ఉండే నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో మీద, ఫోటోలన్నిటినీ కలిపి 16 పేజీల ప్రత్యేక ఫారంగా (ఒక షీటును మడిచి చేసే పేజీల కట్టగా) 130 జీఎస్ఎమ్ మ్యాట్ ఆర్ట్ పేపర్ మీద వేయించమని నా సలహా. పుస్తకమంతా ఆర్ట్ పేపర్ అయితే ఖర్చు సంగతి అలా ఉంచి, పెద్దవారు చేతిలో పట్టుకుని చదవలేనంత బరువెక్కుతుంది.

కాగితం లెక్క మీరే వేసుకోవచ్చు. 23×36 అంగుళాల షీటులో రెండు వైపులా కలిపి డెమ్మీ 1/8 పేజీలు 32 పడతాయి. 256 పేజీలకు ప్రతి పుస్తకానికీ ఎనిమిది షీట్లు, వెయ్యి ప్రతులకు ఎనిమిది వేల షీట్లు, అంటే రీముకు 500 షీట్ల చొప్పున 16 రీములు. మిషన్ సర్దుబాటులోనూ బైండింగులోనూ పోయేదాని కోసం మరో రీము కలుపుకోండి. ఈ సైజు రీము 70 జీఎస్ఎమ్‌లో సుమారు 18.7 కిలోలు, 80 జీఎస్ఎమ్‌లో సుమారు 21.4 కిలోలు తూగుతుంది. డీలర్లు ధరను కిలోకు ఇంతని చెబుతారు కాబట్టి, 17 రీములకు రెండింటి మధ్య తేడా 45-46 కిలోల కాగితం ఖరీదేనని తెలిస్తే బేరం స్పష్టంగా మాట్లాడుకోగలరు.

ఆ 17 రీములూ ఒకే మిల్లువి, ఒకే లాటువి కావాలని రాతపూర్వకంగా అడగండి. రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్, 2014లో మూతపడి 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ నడుస్తున్న కాగజ్‌నగర్ సిర్పూర్ మిల్లు, చెరకు పిప్పిని కూడా వాడే తమిళనాడు న్యూస్‌ప్రింట్ వంటి మిల్లుల కాగితాలు మన డీలర్ల దగ్గర దొరుకుతాయి. అన్నిటినీ నేచురల్ షేడ్ అనే పిలిచినా ఒక మిల్లు ఛాయ మరొక మిల్లు ఛాయ కాదు. రెండు కలిసిన పుస్తకాన్ని మూసి అంచు వైపు చూస్తే చారలు కనబడతాయి.

ఇంకొక సంగతి గ్రెయిన్. కాగితంలోని నారలు మిషన్ నడిచిన దిశలో పడుకుని ఉంటాయి, ఆ దిశ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీలు బిరుసుగా తిరుగుతాయి, తేమకు వెన్ను దగ్గర అలలు లేస్తాయి. 23×36 షీటును డెమ్మీ 1/8కు మడిచినప్పుడు వెన్ను 36 అంగుళాల వైపు వస్తుంది కనుక మీకు కావలసింది లాంగ్ గ్రెయిన్ షీటు. చిన్న ముక్కను ఒకవైపు తడిపి చూడండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు ఏ దిశలో ఉంటే అదే గ్రెయిన్.

అక్షరరూపం

కాగితం గురించి ఫోర్‌మన్ గారు చెప్పినదానికి తెలుగు లిపి వైపు నుంచి కొంత చేర్చవలసి ఉంది. ఇంకు పడిన చోటు నుంచి ఎంతో కొంత పక్కలకు వ్యాపిస్తుంది, పూతలేని కాగితం మీద ఆ వ్యాప్తి మరింత ఎక్కువ. మన లిపిలో ద, ధ, థ అక్షరాలను విడదీసేది ఒక చిన్న గీత, ఒక చుక్క మాత్రమే. ప, ఫ జంటకూ, బ, భ జంటకూ, డ, ఢ జంటకూ అదే పరిస్థితి. వదులుగా పీల్చే కాగితం మీద ఇంకు ఎక్కువ పెట్టి వేస్తే థ కడుపులోని చుక్క చుట్టూ ఉన్న తెలుపు పూడిపోయి, పాఠకుడు సందర్భాన్ని బట్టి ఊహించి చదవవలసి వస్తుంది. చరిత్ర పుస్తకంలో ఇంటిపేర్లు, ఊరిపేర్లు వస్తాయి. వాటిని సందర్భం పట్టించదు.

వత్తులది మరొక సమస్య. చాలా ఫాంట్లలో వత్తును అసలు అక్షరం కంటే చిన్నదిగా, సన్నని గీతతో గీస్తారు. ‘స్త్ర’, ‘క్ష్మ’ వంటి సంయుక్తాలు వరుస కిందికి దిగుతాయి. ఇంకు తగ్గించి వేస్తే ఆ సన్నని గీతలు తెగుతాయి, పెంచితే చుక్కలు పూడుతాయి. ఈ రెండింటి మధ్య మిషన్ మనిషికి మిగిలే వెసులుబాటు రోమన్ లిపిలో కంటే చాలా తక్కువ. అందుకే ముందు ఫాంటు, పరిమాణం, కాగితం మూడింటినీ కలిపి నిర్ణయించుకోవాలి. పాఠ్యానికి గీతల మందంలో పెద్ద తేడా లేని ఫాంటును, ఉదాహరణకు ‘మండలి’ వంటిదాన్ని, 13 పాయింట్లలో, వరుసల మధ్య 19 పాయింట్లతో ప్రయత్నించండి.

లేజర్ ప్రింటర్ మీద తీసిన ప్రూఫు చూసి గీతల మందాన్ని ఖాయం చేయకండి. లేజర్ ప్రింటరు అంగుళానికి 600 లేదా 1200 చుక్కల మీద పనిచేస్తుంది, టోనరు గీతను కొద్దిగా లావు చేస్తుంది. మిషన్‌కు ఎక్కించే ముద్రణ ప్లేటు 2400 చుక్కల మీద తయారవుతుంది కనుక అదే అక్షరం అక్కడ సన్నగా దిగుతుంది. అసలు కాగితం మీద, అసలు మిషన్ మీద ఒక్క పేజీ అయినా వేసి చూపమని అడగండి. అదే ముద్రణాలయంలో అదే కాగితం మీద మరో పని నడుస్తున్నప్పుడు మీ పేజీని ఖాళీ స్థలంలో ఇరికించి వేయించవచ్చు.

చిన్నప్రచురణ

వెయ్యి ప్రతులు ఒకేసారి వేయడం గురించి నాకు సందేహం ఉంది. స్థానిక చరిత్ర పుస్తకాలు నెమ్మదిగా పోతాయి, మిగిలినవి ఎవరో ఒకరి ఇంటి మేడ మీద చెదల పాలవుతాయి. డిజిటల్‌లో రెండు వందలు వేసి, తప్పొప్పులు సరిచేసుకుని, మళ్లీ అవసరమైనన్ని వేసుకోవడం మేలు కదా?

ఆఫ్‌సెట్ ఫోర్‌మన్

చిన్నప్రచురణ గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. రెండు మూడు వందల లోపు ప్రతులకు ప్లేట్ల ఖర్చు, మిషన్ సర్దుబాటు ఖర్చు ప్రతి పుస్తకం మీదా బరువుగా పడతాయి కనుక అక్కడ డిజిటలే సరైనది. వెయ్యికి చేరేసరికి ఆ ఖర్చు పలుచబడి, ప్లేట్లతో ముద్రించే ఆఫ్‌సెట్ చౌక అవుతుంది. నాణ్యతలోనూ తేడా ఉంది. డిజిటల్ మిషన్లలో వాడే టోనరు పొడి కాగితంలోకి ఇంకదు, వేడికి కరిగి పైపొరగా అతుక్కుంటుంది. అందువల్ల అక్షరం అంచు పదునుగా వచ్చినా పేజీకి ఒక మెరుపు వస్తుంది, గరుకు కాగితం గుంతల్లో టోనరు సరిగా పట్టదు, మడత పడిన చోట పగులుతుంది. చాలా డిజిటల్ మిషన్లు చిన్న షీట్లు తీసుకుంటాయి కాబట్టి 16 పేజీల ఫారాలుగా మడిచి కుట్టడమూ కష్టమవుతుంది. ముందస్తు చందాలు ఎన్ని వచ్చాయో చూసి నిర్ణయించండి. చందాలు నాలుగైదు వందలు దాటితే ఆఫ్‌సెట్‌కే వెళ్లమంటాను.

గ్రంథాలయ సేవకురాలు

దశాబ్దాలపాటు నిలవాలి అన్న మాట చదివి రాస్తున్నాను. మా సేకరణలో పూర్వపు పత్రికలు తిరగేస్తుంటే అంచులు పొడిగా రాలిపోవడం నిత్యం చూస్తుంటాము. అందుకు రెండు కారణాలు. ఒకటి, చెక్కను రుబ్బి తీసిన గుజ్జులో మిగిలిపోయే లిగ్నిన్ అనే పదార్థం, న్యూస్‌ప్రింట్ ఎండలో కొద్ది రోజులకే పసుపెక్కడానికి అదే కారణం. రెండవది, ఇంకు పారకుండా కాగితానికి వెనకటి మిల్లులు పట్టించిన పటిక, గుగ్గిలం మిశ్రమం. పటికతో వచ్చిన ఆమ్లం నారలను లోపలి నుంచి తెంపుతుంది. ఇప్పటి మంచి మ్యాప్‌లిథోలో రసాయనిక గుజ్జు వాడతారు, కాల్షియం కార్బొనేట్ కలుపుతారు కనుక స్థితి చాలా మెరుగైంది. అయినా అడిగి తీసుకోవాలి.

శాశ్వత కాగితానికి ఐఎస్ఓ 9706 అనే ప్రమాణం ఉంది. కాగితం నుంచి తీసిన ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7.5కూ 10కీ మధ్య ఉండాలని, ముందుముందు పుట్టే ఆమ్లాన్ని హరించడానికి కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షార నిల్వ ఉండాలని, లిగ్నిన్ దాదాపు ఉండకూడదని, చిరుగుకు తట్టుకునే బలం ఇంత ఉండాలని అది చెబుతుంది. మన డీలరు దగ్గర ఆ ధ్రువపత్రం లేకపోయినా ఆమ్ల పరీక్ష పెన్నుతో గీత గీస్తే కొంత తెలుస్తుంది. గీత ఊదారంగుకు తిరిగితే ఆమ్లం లేనట్టు, పసుపుగానే ఉండిపోతే ఉన్నట్టు.

మీ ముద్రణాలయం వారు చెప్పిన మిరుమిట్లు గొలిపే తెలుపు గురించి కూడా ఒక మాట. ఆ తెలుపులో కొంత భాగం వెలుతురుకు నీలిగా మెరిసే రసాయనాల వల్ల వచ్చేది. దుకాణాల్లో నోట్లను పరీక్షించే అతినీలలోహిత దీపం కింద పెడితే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. కాలక్రమంలో ఆ మెరుపు తగ్గి కాగితం ఛాయ మారుతుంది. నేచురల్ షేడ్‌లో ఆ రసాయనాలు తక్కువగానో అసలు లేకుండానో ఉంటాయి కనుక నేను దానివైపే.

1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లోగా ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయంతో సహా మరో మూడు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. జాతీయ గ్రంథాలయానికి పంపే ప్రతి మీరు వేసిన వాటిలో అత్యుత్తమమైన కాగితం మీదిదై, బైండు చేసినదో కుట్టినదో అయి ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. దయచేసి మరచిపోకండి. మీ పట్టణ చరిత్ర ఎక్కడ దొరకకపోయినా అక్కడ దొరకాలి.

అక్షరరూపం

సేవకురాలు గారి మాటలతో ఏకీభవిస్తున్నాను, కానీ నేచురల్ షేడ్ అన్నంత మాత్రాన ఏదైనా తీసుకోవచ్చని ఎవరూ అనుకోకూడదు. కొన్ని కాగితాలు బాగా గోధుమ రంగులో ఉంటాయి. చూపు మందగించినవారికి అక్షరానికీ కాగితానికీ మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే అంత మేలు కనుక లేత ఛాయనే ఎంచుకోండి. తెలుపా, నేచురలా అన్న వాదం కంటే ముఖ్యమైనది అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనబడకపోవడం. వత్తుల కోసం మనం వరుసల మధ్య వదిలే ఖాళీలో వెనక పేజీ నీడ పడితే ఆ ఖాళీ వల్ల ప్రయోజనం ఉండదు. డీలరు ఇచ్చిన నమూనాను మరో అచ్చు పేజీ మీద పరిచి, కింది అక్షరాలు ఎంతవరకు కనబడుతున్నాయో పక్కపక్కనే పోల్చండి. పేజీ అమరికలో ముందు వెనక వరుసలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చూసుకుంటే నీడ వరుసల వెనకే దాక్కుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) చేసేవారు శ్రద్ధ పెడితే చాలు.

ఊరిచరిత్ర సంపాదకుడు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. డీలరు దగ్గర రెండు మిల్లుల నమూనాలు తెచ్చి పెన్నుతోనూ దీపంతోనూ చూశాము, 80 జీఎస్ఎమ్ లేత నేచురల్ షేడ్ అందరికీ నచ్చింది. ఇక ఫోటోల ఫారం సంగతి. ఫోటోలు నలుపు తెలుపువే కాబట్టి ఒక్క నల్ల ఇంకు సరిపోతుందా, లేక నాలుగు రంగుల్లో వేయించాలా? పాఠ్యంలో వాడే ఇంకు విషయంలో మేము ప్రత్యేకంగా అడగవలసినది ఏమైనా ఉందా?

ఆఫ్‌సెట్ ఫోర్‌మన్

ముందు పాఠ్యం సంగతి. ఆఫ్‌సెట్‌లో వాడే నల్ల ఇంకులో రంగు ఇచ్చేది కార్బన్ బ్లాక్, అంటే మసి. ముద్రణ రంగుల్లో వెలుతురుకు బాగా తట్టుకునే వాటిలో అది ఒకటి కనుక మీ పాఠ్యం వెలిసిపోతుందన్న భయం అక్కరలేదు. ఎండ పడే గోడ మీది పోస్టరు కొన్నాళ్లకు నీలంగా మిగలడం చూసే ఉంటారు. పసుపు, ఎర్ర ఇంకులు ముందు వెలిసి నీలం, నలుపు నిలవడమే దానికి కారణం. మీరు చూసుకోవలసినది ఫైలు. వర్డ్ వంటి వాటి నుంచి నేరుగా తీసిన పీడీఎఫ్‌లో నలుపు ముద్రణ ఇంకు నలుపుగా కాక, కంప్యూటర్ తెర రంగులతో చేసిన నలుపుగా ఉండిపోతుంది. దాన్ని ప్లేట్లకు మార్చినప్పుడు అది నాలుగు రంగుల్లోకి చీలిపోవచ్చు, లేదా నూరు శాతం నలుపు కాకుండా తొంభై చిల్లర శాతంగా మారి అక్షరాల అంచులు చుక్కలు చుక్కలుగా పడవచ్చు. అక్షరాలన్నీ నూరు శాతం నలుపులో, ఒకే ప్లేటులో ఉన్నాయని ప్లేటు వేసేముందే సరిచూడమని డీటీపీ వారికి చెప్పండి.

ఇక ఫోటోలు. ఒక్క నల్ల ఇంకుతో వేస్తే నీడల్లో లోతు రాదు, లేత భాగాల్లో చుక్కలు విడివిడిగా కనబడతాయి. పాత ఛాయాచిత్రంలో ఒక పంచె మడత, గోడ మీది సున్నపు మరక వంటి వివరమే చరిత్ర కాబట్టి ఆ నష్టాన్ని నేను ఒప్పుకోను. నాలుగు రంగుల్లో వేస్తే వివరం వస్తుంది కానీ, బూడిద రంగును నాలుగు ఇంకుల తూకంతో తేవాలి. మిషన్ నడుస్తూ ఉండగా ఏ ఒక్కటి కొద్దిగా పెరిగినా ఒక పేజీ ఎర్రగా, మరొక పేజీ ఆకుపచ్చగా వస్తుంది. మీ పనికి సరిపోయేది డ్యూటోన్: ఒక ప్లేటు నలుపు, రెండవ ప్లేటు కొద్దిగా గోధుమ కలిసిన బూడిద రంగు. నలుపు నీడలను మోస్తుంది, బూడిద మధ్యస్థాయి ఛాయలను నింపుతుంది. 16 పేజీల ఫారానికి రెండు వైపులా కలిపి నాలుగు ప్లేట్లే పడతాయి, నాలుగు రంగులైతే ఎనిమిది. గోధుమ రంగుకు తిరిగిన ఫోటోలనూ నలుపు తెలుపుగానే స్కాన్ చేసి ఇదే జంటలో వేస్తే ఫారం అంతా ఒక తీరున కనబడుతుంది.

అచ్చులో వచ్చే పరిమాణానికి అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండేలా స్కాన్ చేయించండి. ఆర్ట్ పేపర్ మీద 175 లైన్ల స్క్రీన్ (అంగుళానికి 175 వరుసల చుక్కలు) నిలుస్తుంది, మ్యాప్‌లిథో మీద అయితే 150కి మించకూడదు, 133 అయితే మరింత క్షేమం. పూతలేని కాగితం మీద 50 శాతం చుక్క వ్యాపించి 70 శాతం దాకా కనబడగలదు, అందుకే ఆ కాగితం మీద ఫోటోలు మసకబారిపోతాయి. పాత పత్రిక నుంచి తీసుకున్న బొమ్మలు ఏవైనా ఉంటే విడిగా చెప్పండి. వాటిలో అప్పటికే ఉన్న చుక్కలు కొత్త స్క్రీన్ చుక్కలతో కలిసి గళ్లు గళ్లుగా అల్లిక పడుతుంది, స్కానింగులోనే దాన్ని తీసివేయాలి.

మ్యాట్ ఆర్ట్ పేపర్‌తో ఒక జాగ్రత్త. షీట్‌ఫెడ్ (విడి షీట్లు వేసే) మిషన్ ఇంకు మొదట నూనెను కాగితానికి వదిలి కుదురుకుంటుంది, తరువాత గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. మ్యాట్ పూత మీద ఇంకు గట్టిపడ్డాక కూడా రాపిడికి ఎదుటి పేజీకి అంటుతుంది. పైన పలుచని వార్నిష్ పూత వేయమని అడగండి, ముద్రించిన మరునాటి దాకా మడతకు పంపవద్దని చెప్పండి. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా తేమలో, ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి.

బైండింగ్ పని

ఇప్పటిదాకా ఎవరూ బైండింగ్ గురించి వివరంగా చెప్పలేదు, కాగితం నిర్ణయం దానితో ముడిపడి ఉన్నది కాబట్టి చెబుతున్నాను. పర్‌ఫెక్ట్ బైండింగులో వెన్ను కోసి, గరుకు చేసి, వేడి జిగురుతో అట్టకు అంటిస్తారు. ఆ జిగురు మ్యాప్‌లిథో నారలను పట్టుకున్నంత గట్టిగా ఆర్ట్ పేపర్ పూతను పట్టుకోదు. పూత పొరతో సహా ఊడి వచ్చి ముందుగా రాలిపోయేవి మీ ఫోటో పేజీలే. కనుక ఫారాలన్నిటినీ దారంతో కుట్టించి ఆ తరువాతే అట్ట వేయించండి. ఖర్చు పెరుగుతుంది. కానీ గ్రంథాలయంలో చేతులు మారే పుస్తకానికి ఇంతకు తక్కువ బైండింగు నేను సూచించలేను. పాఠ్యం 256 పేజీలంటే సరిగ్గా 16 ఫారాలు కాబట్టి ఫోటోల ఫారాన్ని ఎనిమిదవ ఫారం తరువాత పెడితే కుట్టు సమంగా కూర్చుంటుంది, పుస్తకం అక్కడ బాగా విచ్చుకుంటుంది కూడా.

వెన్ను వెడల్పును ఊహించి అట్ట డిజైన్ చేయించకండి. జీఎస్ఎమ్ ఒకటే అయినా గుల్ల కాగితం లావుగానూ, నొక్కి నునుపు చేసిన కాగితం పలుచగానూ ఉంటాయి. మీరు కొన్న కాగితం 128 ఆకులు, ఆర్ట్ పేపర్ ఎనిమిది ఆకులు కలిపి కుట్టించిన ఖాళీ డమ్మీ ఒకటి చేయించుకుని దాన్ని కొలవండి.

ఊరిచరిత్ర సంపాదకుడు

కుట్టు బైండింగుకు, డ్యూటోన్‌కు మా మిత్రులందరూ ఒప్పుకున్నారు. చందాలు ఆరువందలు దాటాయి కాబట్టి ఆఫ్‌సెట్‌కే వెళ్తున్నాము. చివరగా అట్ట గురించి, ముద్రణ రోజున మేము వెళ్లి చూడవలసిన వాటి గురించి చెప్పండి.

ఆఫ్‌సెట్ ఫోర్‌మన్

అట్టకు 300 జీఎస్ఎమ్ ఆర్ట్ కార్డ్, మ్యాట్ లామినేషన్. నల్లని నేపథ్యం పెట్టేటట్టయితే నలుపు ఒక్కటే కాకుండా దానికి తోడు 40 శాతం నీలం కలపండి, లేకపోతే నలుపు వెలిసినట్టు కనబడుతుంది. అయితే నేపథ్యంలో చెక్కిన చిన్న తెల్ల అక్షరాలు ఉంటే వాటి చుట్టూ ఒక్క నలుపే ఉంచండి, రెండు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా వత్తులు మూసుకుపోతాయి. గ్రెయిన్ అట్టకు కూడా వెన్ను వెంబడే ఉండాలి, మడతకు ముందు క్రీజింగ్ చేయించాలి, లేకపోతే వెన్ను అంచున లామినేషన్ పగిలి తెల్లగా తేలుతుంది.

ముద్రణ రోజున మిషన్ సర్దుబాటు అయ్యాక వచ్చిన షీటును కిటికీ వెలుతురులో చూడండి. ఫారంలో నాలుగు మూలల పేజీలనూ మధ్య పేజీలనూ పోల్చండి, నలుపు అన్ని చోట్లా ఒకే స్థాయిలో ఉండాలి. భూతద్దంతో థ, ధ, ఢ ఉన్న మాటలను వెతికి చుక్కలు, గీతలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి. తడి ఇంకు ఆరిన తరువాత మ్యాప్‌లిథో మీద కొంత వెలవెలబోతుంది, అది చూసి ఇంకు పెంచమని తొందరపెట్టకండి. నచ్చిన షీటు మీద సంతకం చేసి మిషన్ దగ్గరే పెట్టించి, మిగతా ఫారాలన్నిటినీ దానితో పోల్చి నడపమని చెప్పండి. రెండో రోజు ఫారాలు మరో షిఫ్టు వారు వేసేటట్టయితే ఆ షీటు వారి చేతికి అందిందో లేదో మీరే వెళ్లి చూసుకోవాలి.